చెవులమేకు

నవంబర్ 9

ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటు ఆఫీసులో లాగ్‌బుక్ రాశాను. పోల్ నంబరు, ఫాల్టు ఏమిటి, కరెంటు ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది. రిటైరై రెండేళ్ళయినా చెయ్యి ఊరుకోవడం లేదు. నిన్న పంచిన సామాన్లలో ఈ నోటుబుక్కు వచ్చింది. నేనే ఉంచుకున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

భూకంపం వచ్చి ఇరవై మూడు రోజులు. క్యాంపుకి వచ్చి పదకొండు. ఇది పాత ఎయిర్‌పోర్టు. విమానాలు దిగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మేం దిగాం. రన్‌వే పక్కన ముప్పై వరసలు, వరసకి ఇరవై టెంట్లు. మాది ఏడో వరసలో పద్నాలుగోది. నేను, మా ఆవిడ, అమ్మాయి. అమ్మాయికి ఎనిమిదో నెల. అల్లుడు పనిచేసే మిల్లు పైకప్పు ఆ రోజే కూలింది. మూడో రోజుకి దొరికాడు. దాని గురించి ఇంతకన్నా రాయను.

నవంబర్ 12

నేల గురించి రాయాలి. విమానాల కోసం రోలర్లతో తొక్కించిన నేల. కంకరా మన్నూ కలిసి బండకట్టింది. టెంటుతో పాటు ఇచ్చిన మేకులు జానెడు పొడుగు. మూడో దెబ్బకి వంగిపోతాయి. పొద్దున్నే వరస వరసంతా మేకులు రాళ్ళ మీద పెట్టి సాపు చేసుకుంటూ కూర్చుంటారు. ఆ టకటకకే మెలకువ వస్తోంది. ఇది క్యాంపా, కమ్మరి కొలిమా అంది మా ఆవిడ. ఇక్కడికి వచ్చాక ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి ఎకసెక్కం. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నవంబర్ 17, ఉదయం 7

బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. చెంబుతో కొడితే చెంబే సొట్టపోయింది.

నవంబర్ 19, సాయంత్రం

మధ్యాహ్నం రెండింటికి గాలి లేచింది. అరగంటే. మా వరసలో ఆరు టెంట్లు లేచిపోయాయి. గుడ్డ ఎగిరితే ఎగిరింది, వెంటపడి తెచ్చుకోవచ్చు. గుంజ కూడా దాంతోపాటే లేస్తోంది. మణికట్టంత లావు ఇనప గొట్టం, మనిషిని మించిన పొడుగు, గుడ్డకి తగులుకుని గాల్లో గిరగిరా తిరుగుతోంది. తొమ్మిదో వరసలో ఒకతనికి జబ్బ ఎముక విరిగింది.

మాది ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. ఆ అరగంటా నేనూ మా ఆవిడా చెరో గుంజనీ కావలించుకుని నిలబడ్డాం. అమ్మాయి మధ్యలో కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నా సర్వీసులో నేను పాతించిన స్తంభం ఒక్కటీ పడలేదు. అది స్తంభం గొప్ప కాదు. కింద, నేలలో ఉన్నదాని గొప్ప.

నవంబర్ 20

క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి వయసే ఉంటుంది అతనికి. జలుబు, ఎర్రటి కళ్ళు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. పొడుగు మేకులు కావాలన్నాను. రావన్నాడు. మేమే చేసుకుంటాం అన్నాను. జానెడు దాటి నేలలో ఏదీ దించడానికి వీల్లేదన్నాడు. కింద పాత పెట్రోలు పైపులున్నాయట. ఎటువైపు అని అడిగాను. మ్యాపు దొరకలేదన్నాడు. ఇదంతా తాత్కాలికం కదండీ అన్నాడు. ఆ మాట నాలుగుసార్లు అన్నాడు. ఆ సంగతి గాలికి తెలుసా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. పాపం, అతని ముక్కు కారుతోంది.

నవంబర్ 22

నీళ్ళ ట్యాంకు వెనక తవ్వి చూశాను. గడ్డపారతో రెండు గంటలు. పై మూర మాత్రం అచ్చం రాయే. రోలర్లు తొక్కింది కొంత, మంచు బిగించింది కొంత. ఆ కింద మన్ను మన్నులాగే ఉంది. పిడికిట్లో పిసికితే ముద్దయింది.

చాలాసేపు ఆ గుంట పక్కనే కూర్చున్నాను. గట్టిగా ఉన్న పైనేలతో కొట్లాడుతున్నాం మేం. దాన్ని మూత చేసుకోవాలి. కిందికి వెళ్ళాక వెడల్పయ్యేది ఏదైనా ఉంటే, పైనున్న రాయే దాన్ని పట్టి ఉంచుతుంది. లైన్ పనిలో స్తంభాన్ని పక్కకి లాగి పట్టే స్టే వైరు కింద ఇనప పలక పెట్టి పూడ్చేది అందుకే. కానీ దానికి గొయ్యి తియ్యాలి. ఇక్కడ గొయ్యి తియ్యలేం. సన్నగా దిగాలి, దిగాక విచ్చుకోవాలి.

నవంబర్ 24

క్యాంపు గేటు దగ్గర రేకుల షెడ్డులో ఒక వెల్డరు ఉన్నాడు. పేరు ఎవరూ అడగలేదు. ఎప్పుడూ నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉంటాడు కాబట్టి అందరూ కళ్ళద్దాలు అనే పిలుస్తారు. నోట్లో మాట ఉండదు. ఈ పుస్తకంలోనే బొమ్మ గీసి చూపించాను. రెండు మూరల గొట్టం. కింద మొన. మొన పైన చెరోపక్కా ఒక చీలిక. చీలికలో మడిచిన ఇనప రెక్కలు రెండు, పిన్ను మీద తిరిగేటట్టు. గొట్టాన్ని నేలలోకి కొట్టాలి. తర్వాత పైనుంచి లోపలికి ఒక కడ్డీ దించి దాన్ని కొట్టాలి. కింద రెక్కలు పక్కలకి విచ్చుకుంటాయి. పైన మిగిలిన గొట్టంలో టెంటు గుంజ దిగుతుంది.

విన్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు. రేపు రా అన్నాడు. ఒప్పుకున్నట్టే.

నవంబర్ 26

మొదటిది పాడైంది. మొన పుట్టగొడుగులా చితికిపోయింది. కళ్ళద్దాలు దాన్ని తిప్పి తిప్పి చూసి, లారీ కమాను పట్టీ కోసి మొన చేస్తానన్నాడు. అన్నీ కలిపి ఎనిమిది మాటలు. ఇవాళ హుషారుగా ఉన్నట్టున్నాడు.

నవంబర్ 28

రెండోది దిగింది. రెక్కలు మాత్రం విచ్చుకోలేదు. పిన్ను తెగింది. మూడోదానికీ అంతే. ఇక్కడ దొరికే బోల్టులన్నీ మెత్తటి ఇనుము. గట్టి ఉక్కు కావాలి, వేలంత లావు కడ్డీ.

ఏడో వరసలో మొదటి టెంటు దర్జీది. అతను, భార్య, తల్లి. మా ఆవిడని వదినా అనీ నన్ను అన్నా అనీ పిలుస్తాడు. కూలిన కొట్టులోంచి కుట్టుమిషను ఒక్కటే మోసుకొచ్చాడు. మేం పిన్నుల కోసం వెతుకుతున్నామని ఎవరి నోటనో విన్నాడు. సాయంత్రం షెడ్డుకి వచ్చి మిషను తొక్కుడు ఇరుసు కళ్ళద్దాల ముందు పెట్టాడు. విప్పుకుని తెచ్చేశాడు. మరి మిషను ఎలా అన్నాను. చేత్తో తిప్పుకుంటానులే అన్నా, కుట్టించుకునేవాళ్ళు మాత్రం ఎక్కడున్నారు అన్నాడు.

నవంబర్ 29

దర్జీ తల్లికి ఎనభై దాటాయి. రెండు చెవులూ వినపడవు. నన్ను అబ్బాయ్ అంటుంది. అరవై ఏళ్ళ అబ్బాయిని. ఇవాళ కొడుకు చెయ్యి పట్టుకుని షెడ్డుకి వచ్చింది, ఇరుసు ఏమైందో చూద్దామని. రెక్కలు విచ్చి చూపించాను. వేలితో ముట్టుకుంది. నాకున్న రెండు చెవులూ పోయాయి, నువ్వేమో మేకులకి చెవులు పెడుతున్నావా అబ్బాయ్ అంది. కళ్ళద్దాలు నవ్వాడు. అతనికి పళ్ళున్నాయని ఇవాళే తెలిసింది.

అప్పట్నుంచి అందరికీ అది చెవులమేకు.

డిసెంబర్ 1

నిలబడింది. ముందు కాల్చిన గడ్డపారతో దారి చేసి, తర్వాత మేకు కొట్టాం. నేను పట్టుకున్నాను, దర్జీ సమ్మెట వేశాడు. సన్నటి మనిషే కానీ గురి బాగుంది. దెబ్బ నెత్తి మీద తప్ప ఇంకెక్కడా పడదు. లోపలి కడ్డీని కొడుతుంటే పదిహేనో దెబ్బకి చేతికి తెలిసింది, కింద ఏదో తెరుచుకున్నట్టు. తాడు కట్టి ఎనిమిది మంది లాగారు. తాడు తెగింది.

వరస వాళ్ళంతా కూడారు. ముందు ఎవరికి అని అడగాల్సిన పనే లేకపోయింది. గాలి పడమర నుంచి వస్తుంది. పడమటి కొసన ఉన్నది దర్జీ టెంటు. గాలి మొదట తగిలేది దానికే. పైగా పిన్నులు అతని ఇరుసువి. మొదటి నాలుగూ అతనికే అని నేనే అన్నాను. టెంటుకి నాలుగు కావాలి. గుంజలకి రెండు, గాలి వైపు తాళ్ళకి రెండు. పరీక్షకి దించింది ఎంత లాగినా పైకి రాదు, ట్యాంకు వెనకే ఉండిపోయింది.

ఆఫీసరు గురించి ఎవరూ ఎత్తలేదు.

డిసెంబర్ 3

ఇరుసు మిగిలిన ముక్కలో ఎనిమిది పిన్నులే వచ్చాయి. సరిగ్గా నాలుగు మేకులకి. ఆరో తారీఖుకి ఇస్తానన్నాడు కళ్ళద్దాలు.

డిసెంబర్ 5

నర్సు వచ్చి అమ్మాయిని చూసింది. బిడ్డ తల కిందికి తిరిగింది, ఇవాళో రేపో అన్నట్టుంది, చలి తగలనివ్వకండి అంది. చలి తగలనివ్వకండి అట. గుడ్డ గోడల మధ్య. అమ్మాయి మొగుడి కోటు వేసుకుని కూర్చుంది. బొత్తాలు పట్టడం లేదు.

డిసెంబర్ 6, మధ్యాహ్నం 1

మైకులో చెప్పారు. సాయంత్రం పెద్ద గాలి వస్తుందట. పోయినసారి దానికి రెట్టింపు. ఇంకా ఏవో చెప్పారు కానీ అప్పటికే అందరూ మేకులు దిగ్గొట్టడం మొదలుపెట్టారు, వినపడలేదు.

డిసెంబర్ 6, సాయంత్రం 5.20

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మూడింటికి కళ్ళద్దాలు నాలుగు మేకులూ ఇచ్చాడు. ఇంకా వేడిగా ఉన్నాయి. గోనెసంచిలో వేసుకుని బయల్దేరాను. దర్జీ టెంటుకే బయల్దేరాను. దారిలో నీళ్ళ లైను దగ్గర అతనే ఎదురయ్యాడు, రెండు చేతుల్లో రెండు బిందెలు. అయ్యాయా అన్నా అని అడిగాడు. లేదు తమ్ముడూ, వెల్డింగు కడ్డీలు అయిపోయాయట, రేపు ఇస్తాడట అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆలోచించి అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. సరేలే, ఇవాళ్టికి పట్టుకుని నిలబడతాం అన్నాడు. వెళ్ళిపోయాడు.

మా టెంటుకి దించేశాను. మా ఆవిడ పట్టుకుంది, నేను కొట్టాను. క్యాంపంతా కొడుతున్నారు, నా చప్పుడు ఎవరికి తెలుస్తుంది. ఇవి దర్జీవి కదా అని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. తలో రెండు వేసుకుంటే ఇద్దరివీ పోతాయి అని. అది నిజం కూడా. అమ్మాయికి నెలలు నిండాయి అని. అదీ నిజమే. ఆవిడ అడగలేదు. మేకు పట్టుకున్నంతసేపూ నా మొహం చూడలేదు.

డిసెంబర్ 7

దర్జీ వాళ్ళమ్మ పోయింది.

డిసెంబర్ 8

చీకటి పడే వేళకి వచ్చింది గాలి. మా టెంటు కదల్లేదు. తాళ్ళు ఈల వేశాయి, గుడ్డ పొంగింది, గుంజలు మాత్రం అంగుళం జరగలేదు. లాంతరు కూడా ఊగలేదు. అమ్మాయి నిద్రపోయింది. నేను సంతోషించాను. అది రాయాలి. నేలలో దిగిన నా మేకులని చూసుకుని, ఓ గంటసేపు, మనసారా సంతోషించాను.

తర్వాత కేకలు వినపడ్డాయి.

పరిగెత్తాను. మొదటి టెంటు ఉన్న చోట మంచం ఉంది, మిషను ఉంది, టెంటు లేదు. అతనూ భార్యా చెరో గుంజా పట్టుకుని గంటకి పైగా నిలబడ్డారట, మేం నిలబడ్డట్టే. అతని చేతుల్లోంచి గుంజ ఊడిపోయింది. అరచేతుల చర్మం దాంతోపాటే పోయింది. గుంజ ఒక చుట్టు తిరిగి మంచం మీద పడింది. ముసలావిడకి పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తిలో దిగబడ్డాయని డాక్టరు చెప్పాడు.

క్లినిక్కులో తెల్లారేదాకా ఉంది. కొడుకు వంగి చెవిలో ఏదో చెప్తే, గట్టిగా చెప్పరా వినపడట్లేదు అందట. అదే చివరి మాట.

మా వరసలో తొమ్మిది టెంట్లు పోయాయి. క్యాంపు మొత్తం మీద నలుగురు పోయారు.

డిసెంబర్ 9

ఆఫీసరు తనంతట తనే షెడ్డుకి వచ్చాడు. మ్యాపు దొరికింది. పెట్రోలు పైపులు రన్‌వేకి అవతలి వైపున్నాయి. మా వైపు ఏమీ లేవు, ఎప్పుడూ లేవు. లారీ నిండా గొట్టాలూ ఉక్కు కడ్డీలూ తెప్పించాడు. ఎన్ని కావాలంటే అన్ని చెయ్యమన్నాడు. మ్యాపు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. కళ్ళద్దాలు అతన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టాడు.

పిన్నులకి ఇప్పుడు ఎవరి మిషనూ విప్పక్కర్లేదు.

డిసెంబర్ 10

దర్జీ వచ్చాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు. సమ్మెట ఇలా ఇవ్వన్నా అన్నాడు. వద్దు తమ్ముడూ, చేతులు మాననీ అన్నాను. ఇంట్లో కూర్చోలేకపోతున్నాను అన్నాడు. టెంటుని ఇల్లు అనడం అప్పుడే మొదటిసారి విన్నాను.

ముందు మీది వేద్దాం అన్నాను. మాకిప్పుడు తొందరేముంది, ముసలీ ముతకా ఉన్నవాళ్ళకి ముందు వెయ్యి, మాది ఆఖర్న చూద్దాం అన్నాడు. తర్వాత అన్నాడు, ఒక్కరోజు ముందు అయ్యుంటే బాగుండేది, నీ తప్పేముందిలే అన్నా, కడ్డీలు అయిపోతే నువ్వేం చేస్తావు అని.

నేను తలూపాను.

డిసెంబర్ 11

పదిహేడు మేకులు.

డిసెంబర్ 13, మధ్యాహ్నం

పొద్దున పదింటికి ఆడపిల్ల. క్లినిక్కులో. ఇద్దరూ క్షేమం. పిల్లకి అల్లుడి గడ్డం వచ్చింది, నొక్కు కూడా అక్కడే. అమ్మాయి ఆ నొక్కు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. మా ఆవిడ బయటికి వచ్చి నీళ్ళ డ్రమ్ము పక్కన ఏడ్చింది.

నర్సుతో మాట్లాడుతుంటే మాటల్లో వచ్చింది. గాలి రోజున మీ అమ్మాయిని టెర్మినల్ బిల్డింగులోకి ఎందుకు తీసుకురాలేదు అని అడిగింది. గర్భిణీలందరినీ తీసుకురమ్మని మైకులో చెప్పాం కదా, హీటర్లు కూడా పెట్టాం, పాతికమంది దాకా వచ్చారు అంది.

మేకులు కొట్టే చప్పుడులో వినపడలేదు అన్నాను.

వినపడి ఉంటే వెళ్ళేవాళ్ళమా? ఆ గోడల నిండా బీటలే. భూకంపం చూసినవాళ్ళం, సిమెంటు కప్పు కిందికి వెళ్ళాలంటే కాళ్ళు రావు. ఏమో. కానీ వెళ్ళి కనుక్కుందామని కూడా నాకు తట్టలేదు. మేకులు చేతిలో ఉన్నాయి కాబట్టి మేకులే తట్టాయి.

డిసెంబర్ 15

షెడ్డులో ఇద్దరమే ఉన్నప్పుడు కళ్ళద్దాలు మాట్లాడాడు. నా దగ్గర కడ్డీలు ఎప్పుడూ అయిపోలేదు అన్నాడు. దర్జీ అతనితో అన్నాడట, పాపం నీ దగ్గర కడ్డీలు లేకపోయాయి అని. ఇతను ఏమీ అనలేదట. నేను చెప్పను, నువ్వే చెప్పుకో అన్నాడు. అద్దాలు కళ్ళ మీదకి లాక్కుని పనిలో పడ్డాడు. ఆ వెలుగులోకి నేను అలాగే చూస్తూ నిలబడ్డాను. కళ్ళు ఇప్పటికీ మండుతున్నాయి.

మా ఆవిడ రోజూ పొద్దున దర్జీ వాళ్ళకి గిన్నె పట్టుకెళ్తోంది. మాకు వచ్చిన దాంట్లోంచి సగం. నాతో చెప్పి చెయ్యదు, దాచీ చెయ్యదు.

డిసెంబర్ 17

దర్జీ, అతని భార్య కలిసి పిల్లని చూడటానికి వచ్చారు. చిన్న బొంత తెచ్చారు. ముసలావిడ శాలువాని నాలుగు మడతలు వేసి, చుట్టూ అంచు కుట్టి, మధ్యలో అడ్డకుట్లు వేశారు. అతను చక్రం తిప్పాడట, ఆవిడ గుడ్డ జరిపిందట. చేతి మిషను కదన్నా, కుట్లు కాస్త వంకరపోయాయి అని అతను సిగ్గుపడ్డాడు. ఎక్కడా వంకర లేదు.

ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. అత్తయ్య ఉంటే దీని చెవులే ముందు చూసేది అంది. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఊరికే, చేతికి ఏదో ఒకటి కావాలి కాబట్టి.

డిసెంబర్ 18

చెప్పలేదు.

డిసెంబర్ 19, సాయంత్రం

చెప్పాను. పదహారో వరసలో పని. మేకు సగం దిగాక దర్జీ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నేను ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాను, గొట్టం పట్టుకుని. తల ఎత్తకుండానే అన్నాను. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను తమ్ముడూ. నాలుగూ అప్పటికే అయ్యాయి. నా భుజం మీద సంచిలోనే ఉన్నాయి. మా టెంటుకి వేసుకున్నాను.

అతను సమ్మెట కింద పెట్టాడు.

"నీళ్ళ లైను దగ్గర కలిసినప్పుడా?"

"అవును."

"సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నావు అప్పుడు. అంత బరువేంటన్నా అని అడుగుదామనుకున్నాను." అరచేతులు చూసుకున్నాడు. "బిందెలు బరువుగా ఉన్నాయి. అడగలేదు."

ఏమన్నా అను అన్నాను.

"అమ్మాయి కోసమే కదా."

"అమ్మాయి కోసమే."

"మా ఆవిడకి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

సమ్మెట ఎత్తాడు. మేకు పూర్తిగా దించాం. తర్వాత ఇంకో మూడు దించాం. మధ్యాహ్నం దాకా మేం మాట్లాడుకున్నది, ఊఁ, ఆఁ, అంతే.

డిసెంబర్ 20

వెళ్ళాను. ఆవిడ ఎవరిదో చొక్కాకి కాలరు కుడుతోంది. ఎడంచేత్తో చక్రం తిప్పుతూ, కుడిచేత్తో గుడ్డ పట్టుకుని. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. చక్రం ఆగలేదు. కాలరు అయ్యేదాకా కుట్టింది. పళ్ళతో దారం తెంపింది.

మీ మేకులు దించడం ఎన్నింటికి అయింది అని అడిగింది. అయిదయిందమ్మా అన్నాను.

"అయిదింటికి అత్తయ్యకి తల దువ్వుతున్నాను. చలేస్తోంది, తొందరగా కానియ్యవే అంది."

కాలరు మీది దారం ముక్కలు ఏరుతూ అడిగింది.

"ఆ బొంత పిల్లకి కప్పుతున్నారా?"

కప్పుతున్నాం అన్నాను.

"కప్పండి. ఇది తెలిసిందని తీసి పక్కన పెట్టకండి. అది ఆవిడది." తర్వాత అంది, "ఇంక వెళ్ళండి."

రాత్రి మా ఆవిడతో చెప్పాను, చెప్పేశానని. నాకు తెలుసు అంది. ఎలా తెలుసు అన్నాను. ఇవాళ గిన్నె తిప్పి పంపేసింది అంది.

డిసెంబర్ 21, సాయంత్రం

ఏడో వరస అయిపోయింది, మొదటి టెంటు తప్ప. నాలుగు వందల పైచిలుకు మేకులు దించాం ఇప్పటికి. ఆఫీసరు ఎక్కడో పై ఆఫీసుకి నా పేరు రాసి పంపాడట, మెచ్చుకుంటూ. ఆ కాగితం చదివి వినిపించబోతే పనుందని వచ్చేశాను.

రేపు దర్జీది. కళ్ళద్దాలు నాలుగు మేకులు విడిగా చేసి పెట్టాడు. రేపు వేరే ఎవరినైనా పంపనా అని కబురు చేశాను. పొద్దున్నే తొమ్మిదింటికి రమ్మను అన్నాడట దర్జీ. అతన్నే రమ్మను అన్నాడట.

డిసెంబర్ 22

ఎడంచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కుదరట్లేదు.

మూడు దిగాయి. నాలుగోదాన్ని దర్జీ కొడుతుంటే సమ్మెట నా కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు నలిగాయి. తప్పి పడిందో, తప్పకుండా పడిందో. అతను చెప్పలేదు. నేను అడగలేదు. ఆవిడ లోపలి నుంచి గుడ్డ పేలిక విసిరింది. అతనే కట్టాడు.

ఇంకా జానెడు దిగాలి. పట్టుకో అన్నాడు.

ఎడంచేత్తో పట్టుకున్నాను. దిగింది.